సేఫ్టీ ఆడే పిల్లాడి తల్లిగా: మోకాలి సర్జరీ నుంచి కాలేజీ టీమ్ దాకా నా అనుభవం

టెక్సస్‌లో ఫ్రిస్కోలో ఉంటాం. మా చుట్టుపక్కల తెలుగు పిల్లలు టెన్నిస్‌కో స్విమ్మింగ్‌కో క్రికెట్‌కో వెళ్తారు. హెల్మెట్ పెట్టుకుని గుద్దుకునే ఈ అమెరికన్ ఫుట్‌బాల్‌కి వెళ్లేవాళ్లు తక్కువ. ఈ ఏడాది కొడుకుల్ని మిడిల్ స్కూల్ టీమ్‌లో చేర్చిన తల్లులు కొందరు ఫోన్ చేసి "అసలు లోపల ఏం జరుగుతుందో చెప్పండక్కా" అన్నారు. అందరికీ చెప్పిందే చెప్పలేక ఇలా రాస్తున్నాను. ఆట రూల్స్ ఇందులో ఉండవు. అవి మీ పిల్లలే మీకంటే బాగా చెప్తారు.

మావాడు డిఫెన్స్‌లో సేఫ్టీ. అందరికంటే వెనకాల నిలబడేవాడు. తెనాలిలో ఉన్న మా అత్తయ్యగారికి వీడియో కాల్‌లో ఎంత చెప్పినా అర్థం కాకపోతే మా ఆయన కబడ్డీతో చెప్పారు. "కూతకొచ్చినవాణ్ణి మిగతావాళ్లంతా వదిలేశాక, గీత దాటకుండా ఆఖర్న ఒకడు పట్టుకోవాలి కదమ్మా, వాడే మనవాడు" అని. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "అయితే దెబ్బలన్నీ వీడికేనన్నమాట" అన్నారు. ఆ తర్వాత నేను విన్న ఏ కోచ్ కూడా సేఫ్టీ గురించి ఇంత సూటిగా చెప్పలేదు.

ఇక్కడ బడి ఫుట్‌బాల్ ఏడో తరగతిలో మొదలవుతుంది. డాక్టర్ సంతకంతో ఫిజికల్ ఫారం, తలకి దెబ్బ తగిలితే పోల్చి చూడటానికి ముందే కంప్యూటర్ మీద ఒక బేస్‌లైన్ టెస్టు, హెల్మెట్ కొలతలు, ఇవన్నీ అయ్యాకే ఆట. మార్కులు 70కి తగ్గితే మూడు వారాలు మ్యాచ్‌లు బంద్. మార్కులు తగ్గితే ఆట ఆపే చట్టం టెక్సస్‌లో 1984 నుంచీ ఉంది. ఫుట్‌బాల్ వల్ల చదువు పాడవుతుందని మన ఇళ్లల్లో భయపడతారు గానీ, మా ఇంట్లో హోంవర్క్ చెప్పకుండానే టైముకి అయిపోయింది ఈ రూల్ పుణ్యమా అనే.

నాకు భయం మొదలైంది 2023 జనవరి 2 రాత్రి. సోమవారం. ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో బఫెలో బిల్స్, సిన్సినాటి బెంగాల్స్ మ్యాచ్ టీవీలో నడుస్తోంది. నేను వంటింట్లో ఉన్నాను. ఇంట్లో ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దం అయిపోయారు. వచ్చి చూస్తే బిల్స్ ఆటగాడు డామర్ హామ్లిన్ కింద పడి ఉన్నాడు. టాకిల్ చేసి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసి, లేచి నిలబడి, మళ్లీ వెనక్కి కూలిపోయాడట. గుండె ఆగింది. గ్రౌండ్‌లోనే సీపీఆర్ చేశారు. అతనూ సేఫ్టీయే. మావాడప్పుడు టెన్త్. వాడు ఏమీ అనలేదు, నేనూ ఏమీ అనలేదు. మ్యాచ్ ఆపేశారు. మేమంతా నిద్రపోకుండా ఫోన్లు చూస్తూ కూర్చున్నాం.

హామ్లిన్ బతికాడు, అదే ఏడాది మళ్లీ ఆడాడు కూడా. ఛాతీ మీద ఒకానొక క్షణంలో తగిలిన దెబ్బకి గుండె లయ తప్పడం అది, చాలా అరుదు అని డాక్టర్లు చెప్పారు. అరుదు అన్న మాట తల్లికి ఎంత ఊరటనిస్తుందో మీకు తెలుసు. ఆ స్ప్రింగ్‌లో స్కూల్లో పేరెంట్స్ మీటింగ్ పెడితే, అందరూ టీషర్టుల ఆర్డర్ గురించి మాట్లాడుతుంటే నేను లేచి "ఏఈడీ (ఆగిన గుండెకి షాక్ ఇచ్చే మిషన్) ఎక్కడ పెడతారు?" అని అడిగాను. ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. మీటింగ్ అయ్యాక, ఆడే పిల్లల దెబ్బలు చూసే స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్ నన్ను తన గదికి తీసుకెళ్లి, ఎర్ర బ్యాగ్ జిప్ తీసి, ప్యాడ్‌లు, వాటి ఎక్స్‌పైరీ తేదీ, ఛాతీ మీద వెంట్రుకలుంటే గీయడానికి పెట్టిన రేజర్ కూడా చూపించింది. ప్రాక్టీస్‌లో ఆ బ్యాగ్ తన కార్ట్ మీద నుంచి దిగదని చెప్పింది. మీరూ అడగండి. కోచ్‌తో పరిచయం కంటే ట్రైనర్‌తో పరిచయం మనకి ఎక్కువ పనికొస్తుంది.

ఇంకో సంగతి, డిఫెన్స్ పిల్లాడి తల్లికి మ్యాచ్ చూడటం కొత్తగా నేర్చుకోవాల్సి వస్తుంది. టీవీలో బంతి మొదలయ్యే చోట కెమెరా ఉంటుంది, సేఫ్టీ అసలు ఫ్రేములోనే ఉండడు. స్టేడియంలో అందరి కళ్లూ బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీద ఉంటే నేను ఇరవై గజాల అవతల ఒక్కణ్ణే చూసేదాన్ని. వాడు వెనక్కి వెనక్కి అడుగులేస్తూ, చేత్తో ఇటొకణ్ణి అటొకణ్ణి జరుపుతూ, ఏదో అరుస్తూ ఉంటాడు. బంతి అటు రాకపోతే వాడు పని బాగా చేసినట్టు. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత దీంతోనే మాకు చిక్కొచ్చింది.

2023 ఆగస్టులో వాడు లెవెంత్‌కి వచ్చాడు, వార్సిటీలో, అంటే స్కూల్ ప్రధాన టీమ్‌లో స్టార్టర్. పెద్ద కాలేజీల కోచ్‌లు పిల్లలకి నేరుగా మెసేజ్‌లు పెట్టడానికి అనుమతి లెవెంత్ సెప్టెంబర్ 1 నుంచి. ఆ రోజు పొద్దున్నే వాడి ఫోన్‌కి రెండు మూడొచ్చాయి. అందరికీ పంపే మూస మెసేజ్‌లే, అయినా ఇంట్లో పండగే.

సెప్టెంబర్ 29, శుక్రవారం రాత్రి. రెండో క్వార్టర్. వాణ్ణి ఎవరూ గుద్దలేదు. వెనక్కి పరిగెడుతున్నవాడు బంతి గాల్లో చూసి ముందుకి తిరగడానికి ఎడమ కాలు నేలకి ఆనించాడు. మోకాలు లోపలికి వంగింది. టక్ మని వినపడిందని తర్వాత చెప్పాడు. పడి, లేచి, నాలుగడుగులు నడిచాడు కూడా. నడుస్తున్నాడు కదా, బెణికిందేమో అనుకుంటున్నాను నేను. ట్రైనర్ వాణ్ణి బెంచి మీద పడుకోబెట్టి మోకాలి కింద ఎముకని ముందుకు లాగి చూసింది. మంచి కాలు లాగి చూసింది. మళ్లీ దెబ్బ తగిలిన కాలు. ఆవిడ మొహం చూసి నాకు అర్థమైపోయింది. ఏసీఎల్ (మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టి ఉంచే లిగమెంట్) అయుండొచ్చు, ఎమ్మారై చేస్తే గానీ చెప్పలేం అంది.

ఇక్కడ శుక్రవారం మ్యాచ్‌లలో దెబ్బలు తగిలిన పిల్లల కోసం శనివారం పొద్దున్న ఆర్థోపెడిక్ క్లినిక్‌లు తెరిచి పెడతారని నాకు అప్పటిదాకా తెలియదు. అపాయింట్‌మెంట్ అక్కర్లేదు. వెయిటింగ్ రూమ్ నిండా రకరకాల స్కూళ్ల జెర్సీలు, నిద్రలేని తల్లిదండ్రులు. ఎక్స్-రేలో ఏమీ లేదన్నారు. లిగమెంట్ ఎక్స్-రేలో కనపడదు. ఎమ్మారైకి ఇన్సూరెన్స్ వాళ్ల అనుమతి కావాలి. సోమవారం పంపితే మంగళవారం "ఇంకా వివరాలు కావాలి" అని తిరిగొచ్చింది. రోజుకి రెండుసార్లు ఫోన్ చేశాను. గురువారం అనుమతి, శుక్రవారం స్కాన్, తర్వాతి సోమవారం ఫలితం. పది రోజులు. ఏసీఎల్ పూర్తిగా తెగింది, లోపలి వైపు మెనిస్కస్, అంటే ఎముకల మధ్య మెత్తలా ఉండేది, కొంచెం చిరిగింది.

మావాడు డాక్టర్ ముందు ఏడవలేదు. పార్కింగ్‌లో కార్లో కూర్చుని సీట్ బెల్ట్ పెట్టుకుంటూ ఏడ్చాడు. "అమ్మా, నా ఫిల్మ్ నాలుగు మ్యాచ్‌లదే ఉంది" అన్నాడు. మోకాలు పోయిందని కాదు, కాలేజీ కోచ్‌లకి చూపించే మ్యాచ్ వీడియో, ఆ ఫిల్మ్ లేదని. ఆ క్షణంలో నాకు కోపమొచ్చింది గానీ, వాడు చెప్పిందే నిజమని ఏడాది తర్వాత తెలిసింది.

వెంటనే సర్జరీ చేస్తారనుకున్నాం. చెయ్యరు. వాపు తగ్గాలి, కాలు పూర్తిగా చాచగలగాలి, తొడ కండ మళ్లీ పనిచెయ్యాలి. లేకపోతే సర్జరీ తర్వాత మోకాలు బిగుసుకుపోతుందట. నాలుగు వారాలకి పైగా సర్జరీకి ముందే థెరపీ. కొత్త లిగమెంట్ దేంతో కడతారో కూడా మనల్నే అడుగుతారు. చనిపోయినవాళ్ల నుంచి తీసిన కణజాలం అయితే కోత తక్కువ, కానీ ఈ వయసు ఆటగాళ్లలో మళ్లీ తెగే అవకాశం ఎక్కువ. సొంత కాలిదే అయితే మోకాలిచిప్ప కింద ఉన్న టెండన్, లేదా తొడ వెనక టెండన్. కాంటాక్ట్ ఆటలాడే కుర్రాళ్లకి మోకాలిచిప్ప కిందిదే వేస్తానని సర్జన్ చెప్పారు. "కొంతకాలం మోకాళ్ల మీద కూర్చుంటే నొప్పి ఉంటుంది" అని కూడా అన్నారు. చిన్న విషయంలా వినిపించింది. మరుసటి శ్రావణంలో వ్రతం చేసుకున్నప్పుడు వాడు పీట మీద కూర్చోలేక డైనింగ్ కుర్చీలో కూర్చుని అక్షతలు వేశాడు. పంతులుగారు "పరవాలేదు నాయనా" అంటూనే మోకాలి మీద గాటుకేసి రెండుసార్లు చూశారు.

నవంబర్ 2న సర్జరీ. పొద్దున ఐదున్నరకి వెళ్లి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేశాం. కాలు తిమ్మిరెక్కించే నెర్వ్ బ్లాక్ ఇంజెక్షన్ ఇచ్చారు కాబట్టి మొదటిరోజు నవ్వుతూ సినిమా చూశాడు. ఆ బ్లాక్ మర్నాడు తెల్లవారుజామున దిగిపోయింది. అది దిగేలోపే నొప్పి మాత్ర వేసి ఉండాలని డిశ్చార్జ్ కాగితాల్లో ఐదో పేజీలో ఉంది. నర్సు నోటితో చెప్పి ఉంటే బాగుండేది. అలారం పెట్టుకోండి. ఆ దీపావళికి వాడు క్రచెస్ మీద గుమ్మంలో నిలబడి చెల్లి కాకరపువ్వొత్తులు వెలిగిస్తుంటే చూశాడు.

డబ్బు సంగతి. బిల్లు ఒక్కటి రాదు. సర్జరీ సెంటర్ ఒకటి, సర్జన్ ఒకటి, మత్తు డాక్టర్ ఒకటి, బ్రేస్ ఒకటి, అన్నీ వేర్వేరు వారాల్లో వస్తాయి. మా ప్లాన్‌లో ఒక్కరికి ఏడాదిలో మనం కట్టే గరిష్ఠం ఐదువేల డాలర్లు, అది సర్జరీతోనే నిండిపోయింది. ఐస్ మిషన్ అద్దె ఇన్సూరెన్స్ ఇవ్వదు, అది మన జేబులోంచే. జనవరిలో సర్జరీలో సాయం చేసిన అసిస్టెంట్ పేరు మీద ఇంకో బిల్లు వచ్చింది, ఆయన మా ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్‌లో లేడట. సర్జరీ సెంటర్ నెట్‌వర్క్‌లో ఉన్నప్పుడు అలా అదనంగా వెయ్యకూడదని 2022 జనవరి నుంచి నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ఉంది. ఫోన్లో ఆ చట్టం పేరు చెప్పగానే అవతలి గొంతు మారింది. రెండు వారాల్లో బిల్లు సున్నా అయింది. స్కూల్ జిల్లా తరఫున కూడా పిల్లలకి అదనపు ఇన్సూరెన్స్ ఒకటి ఉంటుంది, మన ఇన్సూరెన్స్ కట్టగా మిగిలిన దాంట్లో కొంత ఇస్తుంది. దానికి గడువు ఉంది, ఎవరూ గుర్తుచెయ్యరు. ఆ ఫారం నాకు ట్రైనరే ఇచ్చింది.

జనవరి 1న డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు ఏటా మనం కట్టాల్సిన మొత్తం) మళ్లీ మొదటికొచ్చింది. వారానికి మూడుసార్లు థెరపీ, ప్రతిసారీ పూర్తి డబ్బు. సర్జరీ నవంబర్‌లో అయితే రికవరీ ఖర్చు రెండు ఏళ్ల ఖాతాల్లో పడుతుందని లెక్కవేసుకోండి. ఒక్క లాభం ఏమిటంటే, ఏడాదికి ఇన్నే సిట్టింగులు అన్న పరిమితి కూడా కొత్తగా మొదలవుతుంది.

ఆ నెలల్లో మావాణ్ణి నిలబెట్టింది డిఫెన్సివ్ బ్యాక్స్ కోచ్, అంటే సేఫ్టీల్లాంటి వెనక వరస ఆటగాళ్ల కోచ్. ఆయన కొన్నాళ్లు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నాడు. మావాడు అదే కల కంటున్నాడని ఆయనకి తెలుసు. ఒకరోజు ప్రాక్టీస్ అయ్యాక పార్కింగ్‌లో నాకూ వాడికీ కలిపి తన కథ చెప్పాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ టీమ్‌లు కాలేజీ కుర్రాళ్లని ఎంచుకునే ఏడు రౌండ్ల డ్రాఫ్ట్‌లో ఎవరూ పిలవలేదు. డ్రాఫ్ట్ అయిన కాసేపటికే ఫోన్ వచ్చింది, కాంట్రాక్ట్ ఇచ్చారు. క్యాంప్‌లో తొంభై మంది, ఆగస్టు చివరికి యాభై ముగ్గురు మిగలాలి. ఆఖరి రోజు పొద్దున ఒకతను లాకర్ దగ్గరికి వచ్చి "కోచ్ పిలుస్తున్నారు, ప్లేబుక్ తీసుకురా" అన్నాడట. ఆ మాట వింటే చాలు, ఇక ఇంటికే అని అందరికీ తెలుసు. రెండు రోజుల తర్వాత ఇంకో టీమ్ ప్రాక్టీస్ స్క్వాడ్‌లోకి, అంటే ప్రాక్టీస్ కోసం అదనంగా ఉంచుకునే జట్టులోకి తీసుకుంది. ఇప్పుడు ప్రాక్టీస్ స్క్వాడ్ కుర్రాళ్లకి వారానికి కనీసం పన్నెండువేల డాలర్ల పైన ఇస్తున్నారు. వినడానికి పెద్ద మొత్తమే. కానీ అది వారం జీతం, ఏ వారం అయినా ఆఖరు వారం కావచ్చు. అపార్ట్‌మెంట్ ఏడాదికి తీసుకోవాలా నెలకి తీసుకోవాలా అన్నదే ఆయనకి పెద్ద ప్రశ్నగా ఉండేదట. పెన్షన్ రావాలంటే మూడు సీజన్లు లెక్కలోకి రావాలి, ఒక సీజన్ లెక్కలోకి రావాలంటే కనీసం మూడు మ్యాచ్‌లు పూర్తి జీతంతో ఉండాలి. ఆయనకి రెండే ఉన్నాయి. రెండో మోకాలి సర్జరీ తర్వాత ఎవరూ పిలవలేదు. ఇదంతా ఏ బాధా లేకుండా, కారు తాళాలు వేలి చుట్టూ తిప్పుతూ చెప్పాడు.

మావాడు ఆయన్ని అడిగింది ఒక్కటే. "మన ఇండియన్స్ ఎవరైనా ఆడారా కోచ్?" ఆయనే బ్రాండన్ చిల్లర్ పేరు చెప్పాడు. తండ్రి వైపు భారతీయ మూలాలు, యూసీఎల్‌ఏలో చదివి 2004లో నాలుగో రౌండ్‌లో సెయింట్ లూయిస్ రామ్స్‌కి వెళ్లిన లైన్‌బ్యాకర్, అంటే డిఫెన్స్‌లో సేఫ్టీల ముందు నిలబడేవాడు. తర్వాత గ్రీన్ బే ప్యాకర్స్. 2011 ఫిబ్రవరిలో ఆ టీమ్ లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచింది మాకు గంట దూరంలో ఉన్న ఆర్లింగ్టన్ స్టేడియంలోనే. చిల్లర్ మాత్రం ఆ సీజన్ గాయంతో మధ్యలోనే ఆగిపోయాడు, ఆ మ్యాచ్ ఆడలేదు. ఆ రాత్రి మావాడు చిల్లర్ పాత వీడియోలన్నీ చూశాడు. డిఫెన్స్‌వాడి కథ ఎవరిది విన్నా మధ్యలో ఎక్కడో ఒక గాయం రాకుండా లేదని నాకనిపించింది. వాడికి ఆ సంగతి చెప్పలేదు.

2024 జూన్. కాలేజీలు క్యాంపులు పెట్టే నెల. ఎత్తు, బరువు, చేతుల పొడవు, నలభై గజాల పరుగు, అన్నీ వాళ్ల కళ్లముందే కొలుస్తారు. డిఫెన్స్ ఆటగాళ్లకి ఆ కొలతే ప్రాణం. మావాడికి సర్జరీ అయి ఏడు నెలలు, పరిగెట్టడానికే గానీ ఆడటానికి అనుమతి లేదు. ఆ నెలంతా వాడి స్నేహితుల ఫొటోలు రకరకాల కాలేజీల నుంచి వస్తుంటే వాడు గరాజ్‌లో ఒంటికాలి మీద స్క్వాట్లు చేశాడు.

తొమ్మిది నెలలు ఆగస్టు 2కి నిండాయి. ఆ తేదీ నేను క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టిపెట్టాను. కానీ అనుమతి తేదీని బట్టి కాదు, బలాన్ని బట్టి ఇస్తారు. కాలికి మిషన్ కట్టి రెండు తొడల బలం పోలుస్తారు. సర్జరీ అయిన కాలికి మంచి కాలితో పోలిస్తే తొంభై శాతం ఉండాలి. వాడికి ఎనభై రెండు వచ్చింది. టీమ్ ప్రాక్టీస్ మొదలయ్యాక వాడు పక్కన సైకిల్ తొక్కాడు. నెల తర్వాత మళ్లీ టెస్టు, తొంభై ఒకటి. ఆ మిషన్ దగ్గర నాకున్నంత టెన్షన్ ఎంసెట్ రిజల్ట్ రోజు కూడా లేదు.

సెప్టెంబర్ 13, శుక్రవారం. మొదటి క్వార్టర్లోనే బంతి పట్టుకుని ఒక పెద్ద రన్నింగ్ బ్యాక్ మధ్యలోంచి దూసుకొచ్చాడు. ముందున్నవాళ్లంతా తప్పిపోయారు. మావాడొక్కడే. వాడు ఎదురెళ్లలేదు, కొంచెం పక్కకి జరిగి, తల పక్కకి పెట్టి భుజంతో తొడల దగ్గర చుట్టేసి కిందపడ్డాడు. ఇద్దరూ పడ్డారు. నేను కింద ఉన్నది ఏ కాలో చూస్తున్నాను. పక్కనున్నావిడ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, నేనే ఆవిడ చెయ్యి పట్టుకున్నానని తర్వాత తెలిసింది. వాడు లేచి, మోకాలి బ్రేస్ మీద గడ్డి దులుపుకుని, తన చోటికి నడిచి వెళ్లిపోయాడు.

సీజన్ బాగా ఆడాడు. ఇక్కడ ఇందాకటి చిక్కు మొదలైంది. సేఫ్టీ సరిగ్గా నిలబడితే క్వార్టర్‌బ్యాక్ అటు విసరడు. విసరకపోతే వీడియోలో చూపించడానికి ఏమీ ఉండదు. స్కూల్లో రిసీవర్, అంటే విసిరిన బంతి అందుకునే చోట ఆడే పిల్లల హైలైట్ వీడియో మూడు నిమిషాలు మెరుపులే. మావాడి వీడియోలో సగం చోట్ల బాణం గుర్తు పెట్టి వీణ్ణి చూడండి అని చెప్పాలి. మ్యాచ్ వీడియోలు పెట్టే హుడ్ల్ సైట్‌లో పూర్తి మ్యాచ్‌లు పెట్టి కోచ్‌లకి పంపాడు. జవాబులు ఎలా ఉంటాయో చెప్పాలి మీకు. ఎవరూ కాదు అని చెప్పరు. "నీ గురించి చూస్తున్నాం" అంటారు, తర్వాత మాట్లాడరు. వాడు పంపిన మెసేజ్ చూసినట్టు గుర్తు కనపడుతుంది, జవాబు రాదు. పెళ్లిచూపులకి వచ్చి ఉత్తరం రాస్తాం అని వెళ్లినవాళ్ల కోసం మా పిన్ని ఎదురుచూడటం నేను చిన్నప్పుడు చూశాను. మగపిల్లాడికి అది చూస్తానని అనుకోలేదు.

2025 జనవరిలో ఒక పెద్ద యూనివర్సిటీ నుంచి ఫోన్. స్కాలర్‌షిప్ కాదు, ప్రిఫర్డ్ వాక్-ఆన్. అంటే టీమ్‌లో చోటు ఇస్తారు, ఫీజు మనం కట్టుకోవాలి. ఇలాంటి ఫోన్లలో తప్పకుండా జేజే వాట్ పేరు చెప్తారు. అతను విస్కాన్సిన్‌లో వాక్-ఆన్‌గా మొదలై, హ్యూస్టన్ టెక్సన్స్‌లో మూడుసార్లు లీగ్‌లో ఉత్తమ డిఫెన్స్ ఆటగాడయ్యాడు. నిజమే. వాట్ కాని వాక్-ఆన్‌ల పేర్లు మాత్రం ఎవరూ చెప్పరు. ఫిబ్రవరి 5న స్కూల్లో సైనింగ్ డే. వాక్-ఆన్‌లనీ కూర్చోబెట్టారు. కాలేజీ టోపీ పెట్టుకుని కాగితం మీద సంతకం. ఆ కాగితానికి విలువేమీ లేదు, ఫొటో కోసం. అయినా తెనాలిలో ఆ ఫొటో చూడని ఇల్లు లేదు.

అదే సమయంలో కోర్టులో హౌస్ కేసు నడుస్తోంది. కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వచ్చు, దానికి బదులు ఫుట్‌బాల్ టీమ్‌లో 105 మందికి మించి ఉండకూడదు అన్నది ఆ ఒప్పందం. అంతకుముందు స్కాలర్‌షిప్‌లు 85 ఉండేవి, వాక్-ఆన్‌లకి పెద్దగా అడ్డు ఉండేది కాదు. తీర్పు రాకముందే కాలేజీలు తలలు లెక్కపెట్టడం మొదలుపెట్టాయి. మావాణ్ణి పిలిచిన కోచ్ ఫిబ్రవరిలోనే వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. ఏప్రిల్‌లో ఇంకెవరో ఫోన్ చేశారు. మాట మర్యాదగానే ఉంది. నంబర్లు కుదరట్లేదు, మామూలు స్టూడెంట్‌గా వచ్చి ట్రైఅవుట్‌కి రావచ్చు అన్నారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. జూన్ 6న జడ్జి క్లాడియా విల్కెన్ ఒప్పందాన్ని ఆమోదించినప్పుడు, ఇలా చోటు పోయిన పిల్లల్ని 105 లెక్కలో చేర్చకుండా తీసుకోవచ్చని ఒక వెసులుబాటు వచ్చింది. కానీ వాళ్ల పేర్లు జాబితాలో పెట్టాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం. మావాడు ఈమెయిల్ పంపాడు. జవాబు లేదు. అప్పటికి వాడికి అలవాటైపోయింది, నాకే కాలేదు.

ఏప్రిల్ ఫోన్‌కీ మే 1 అడ్మిషన్ డిపాజిట్‌కీ మధ్య రెండు వారాల్లో, శరదృతువు నుంచీ వదలకుండా మెసేజ్‌లు పెడుతున్న ఒక డివిజన్ త్రీ (కాలేజీ ఆటల్లో మూడో స్థాయి) కాలేజీకి వెళ్లొచ్చాం. చిన్న ప్రైవేట్ కాలేజీ. డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వకూడదు, చదువుకి ఇవ్వచ్చు. చూపించిన ఫీజు చూసి మా ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. మార్కుల మీద ఇచ్చిన తగ్గింపు పోను స్టేట్ యూనివర్సిటీ ఖర్చు కంటే ఏడాదికి ఏడెనిమిది వేలు ఎక్కువ తేలింది. అక్కడి కోచ్ అడిగిన మొదటి ప్రశ్న మోకాలి గురించి, రెండోది కెమిస్ట్రీ మార్కుల గురించి. మూడు పూర్తి మ్యాచ్‌ల ఫిల్మ్ చూశానని, బంతి రాని ఆటల్లో మావాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పాడు. మిగతా అంతా అప్పుడే అయిపోయింది. ఫీజు వివరాలు కారులో మాట్లాడుకున్నాం.

ఆగస్టులో చేరాడు. స్కాలర్‌షిప్ లెక్కలు లేవు కాబట్టి ఇక్కడ టీమ్‌లో జనం చాలామంది, సేఫ్టీలే పదిమంది పైన. శనివారం అసలు మ్యాచ్‌కి వాడు మామూలు జెర్సీలో పక్కన నిలబడతాడు, ఆదివారం జేవీ, అంటే రెండో జట్టు మ్యాచ్ ఆడతాడు. జేవీకి టికెట్ లేదు, స్పీకర్ లేదు, ఇరవై ముప్పై మంది తల్లిదండ్రులం మడత కుర్చీలు వేసుకుంటాం. పులిహోర తీసుకెళ్తాను. మొదట్లో మావాడే తినేవాడు, ఇప్పుడు లైన్‌బ్యాకర్లకి కూడా కట్టాల్సి వస్తోంది. బ్రేస్ తీసేశాడు. ఎన్‌ఎఫ్‌ఎల్ మాట ఇప్పుడు వాడు తనంతట తను ఎత్తడు, ఎవరైనా ఎత్తితే కాదనడు.

వచ్చే స్ప్రింగ్‌లోపు ఇంకో పది పౌన్లు పెరగాలని కోచ్ చెప్పాడట. డిసెంబర్ సెలవుల్లో గుడ్ల లెక్క మళ్లీ నాదే. ఎమ్మారై అనుమతి తిరిగొచ్చినప్పుడు ఇన్సూరెన్స్‌కి నేను రాసిన ఉత్తరం, స్కూల్ అదనపు ఇన్సూరెన్స్ ఫారం నింపిన కాపీ రెండూ దాచి ఉంచాను. ఎవరికైనా అవసరం పడితే అడగండి, పేర్లు తీసేసి పంపిస్తాను.